యాభై అయిదు బారల గీత

భాద్రపద శుద్ధ తదియ

గాలి నైరుతి, మందం. నీరు తేట. తాళ్ళన్నీ బాగున్నాయి.

ఇవాళ కోర్టు ఉత్తర్వు వచ్చింది. దాని గురించి రాయాలి. ముందు నిన్నటి ఉదయం రాస్తాను. ఏ విశేషమూ లేని ఉదయం. తెప్ప పుస్తకంలో అలాంటివి ఎవరూ రాయరు. తీరా గుర్తు చేసుకుందామంటే దొరకవు.

నిన్న తెల్లవారుతుండగా లేచాను. ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోసి, ప్రమిద తేల్చి, దీపం వెలిగించాను. మేం దీపంవాళ్ళం. మాకు పెద్ద మంత్రాలేం లేవు. మన గుంజలకి కట్టుకుని బతికేవాళ్ళ పేర్లు దీపం ముందు ఒక్కొక్కటే చెప్పి, చల్లగా చూడమని అడుగుతాం. మా తెప్పలో నాలుగు పేర్లు. నేను, నాంచారమ్మని. నా తరవాత చెల్లెలు మాణిక్యం. అందరికంటే చిన్నవాడు తమ్ముడు తాతారావు. వాడి భార్య దమయంతి. దమయంతికి ఆరో నెల కాబట్టి, ఇంకా పెట్టని పేరు ఒకటి. చెప్పడానికి నిమిషం కూడా పట్టదు. ఆ తరవాత కాసేపు ఊరికే కూర్చుంటాను. నిజం చెప్పాలంటే నాకు ఆ ఊరికే కూర్చోవడమే ఇష్టం.

లేచి దోనె ఎక్కి కొలతతాడు పట్టాను. పాత దివిని సముద్రం మింగాక మా తాతల కాలంలో కట్టుకున్న ఊరు ఈ కొత్త దివి. అయిదు వరసల తెప్పలు, ఒక్కో తెప్ప మీద ఒక్కో ఇల్లు. తెప్పలన్నాక కదులుతాయి. అందుకని ప్రతి ఇంటి పెద్దకూతురూ రోజూ ఉదయం బారకో ముడి వేసిన తాడుతో చుట్టుపక్కల తెప్పల దూరం కొలిచి పుస్తకంలో రాయాలి. గట్టు మీద దూరాలు చూసే అద్దాలున్నాయట. ఉప్పుగాలికి ఇక్కడ ఏ అద్దమూ ఏడాది నిలవదు. తాడు నిలుస్తుంది.

నాన్న పడవ గుంజని కూడా తట్టి చూశాను. ఇంటి వెనక, గాలి తగలని వైపు, వంటింటికి ఎనిమిది బారల్లో ఉంటుంది. నాన్న పోయాక ఖాళీ. తాతారావు అక్కడ ఎప్పటికైనా రెండో పడవ కట్టాలని చూస్తున్నాడు. కిందటేడు దమయంతి పుట్టింటివాళ్ళు తెప్పతో సహా వస్తే దానికే కట్టాం. చుట్టాలకి గుంజ ఎరువివ్వడానికి ఊరి కమిటీ అనుమతి అక్కర్లేదు. పుస్తకంలో చుట్టరికం రాసి ఇంటిల్లిపాదీ వేలిముద్ర వేస్తే చాలు. వాళ్ళున్న పదకొండు రోజులూ దీపం ముందు వాళ్ళ పేర్లు కూడా చెప్పాను. గుంజకి కట్టుకున్నారు కదా.

తిరిగొచ్చేసరికి ఉప్పు తీసే నీటిమర రెండు బిందెల మంచినీళ్ళు దింపి గురక పెడుతోంది. గోంగూర తొట్లకి చెంబెడు పోశాను. దమయంతి పెసరట్టు తిరగేస్తోంది. మాణిక్యం సూది పళ్ళ మధ్య పెట్టుకుని తెరచాప చిరుగు కుడుతూ కూనిరాగం తీస్తోంది. తాతారావు కూరల పడవ నింపుకుని మోటారు తిప్పాడు. మోటారు తిరగ్గానే పడవ కొమ్ములోంచి, పట్టి పెట్టిన వాడి గొంతే అరుస్తుంది. "వంకాయలో, బెండకాయలో, లేత పొట్లకాయలో!" పది రోజులుగా దాని చివర ఒక నినాదం కూడా చేర్చాడు.

"మూగ మొక్కు మాకొద్దు! పడవదారి మూయొద్దు!"

పెసరట్టు తిని చెయ్యి కడుక్కున్నాను. అదీ నిన్నటి ఉదయం.

ఇక ఉత్తర్వు. నెల కిందట ఉప్పాడ వైపు నుంచి ఒక పెద్ద తెప్ప వచ్చింది. ముప్పై ఒక్క మంది. మౌనులు. వాళ్ళ దేవుడికి మాటలు అక్కర్లేదట. పొద్దున్న అరగంట, సాయంత్రం అరగంట, పిల్లా పెద్దా తెప్ప అంచున కూర్చుని అరచేతులు నీళ్ళలో పెట్టి మౌనంగా ఉంటారు. ఊళ్ళో దాన్ని మొక్కుతెప్ప అంటున్నారు. అది వచ్చి సరిగ్గా పడవదారి మొదట్లో ఆగింది. ఎదురెదురుగా రెండు పడవలు పట్టవు. తాతారావు వంకాయలు మూడుసార్లు నీళ్ళపాలయ్యాయి. వాడి బాధ నిజమే.

కానీ నినాదం మాణిక్యం చేతిలో పడింది. దానికి ప్రాస అంటే ప్రాణం. తాతారావు అడిగింది "పడవదారి మూయొద్దు" అన్న ఒక్క ముక్కే. ఒంటి ముక్క నిలబడదు, జోడీ కావాలంది. "మాకొద్దు" అని జోడీ కలిపింది. దేన్ని వద్దనాలో తరవాత వెతికారు.

నినాదం ఊరంతా పాకింది. మాట్లాడకుండా వాళ్ళు ఏం మొక్కుకుంటున్నారో మనకెలా తెలుస్తుందని అడిగేవాళ్ళు బయల్దేరారు. ఒక సాయంత్రం వాళ్ళ పిల్లలు నీళ్ళలో చేతులు పెట్టి కూర్చుని ఉంటే ఎవరో తట్టెడు చేపల తుక్కు గుమ్మరించారు. తాతారావు కాదు. ఎవరో ఇప్పటికీ తెలీదు. గుమ్మరించినవాడి నోట్లో ఉన్నది మాత్రం మాణిక్యం ప్రాసే.

ఉత్తర్వు తెచ్చిన కోర్టు అమీనా పేరు ప్రసూన. పాతికేళ్ళ పిల్ల. గట్టు మీద పుట్టి పెరిగింది. మా తెప్ప ఎక్కగానే కళ్ళు తిరిగి కూలబడింది. నిమ్మకాయ కోసి ఇచ్చాను. వాసన చూస్తూనే మొత్తం చదివింది. మొక్కుతెప్ప చుట్టూ వంద మీటర్ల లోపల, ఎవరి మొక్కు మీదైనా ద్వేషం రేపే నినాదం, పాట, రాత, బొమ్మ కూడదు. పడవదారి గురించి ఎంతైనా అడగొచ్చు. ఆ గీత మీద కోర్టువారి నాలుగు పసుపు బంతులు తేలుతూ కాపలా ఉంటాయి. వింటాయి, చూస్తాయి. ఉత్తర్వులో పేరున్నవాళ్ళ ఇంటి నుంచి తప్పు జరిగితే ఎర్రగా వెలుగుతాయి. మూడుసార్లు వెలిగితే ఆ ఇంటి తెప్ప ఏడాదిపాటు అయిదో వరసకి పోవాలి.

మొదటి పేరు తాతారావుది.

అయిదో వరస అంటే బయటి సముద్రం. కెరటం వంటింట్లోకి వస్తుంది. పోటు రోజుల్లో వైద్యుడి పడవ అక్కడికి వెళ్ళలేదు. నేను దమయంతి వైపు చూశాను. తాతారావు కూడా చూశాడు. వెంటనే తల తిప్పుకున్నాడు.

"మొక్కుతెప్పకి మనం ఎంత దూరం అక్కా?"

"డెబ్బై ఎనిమిది బారలు."

"వంద మీటర్లంటే?"

"యాభై అయిదు."

"అయితే నా కప్పు, నా ఇష్టం." మా ఇంటి కప్పు మీద ఆ నినాదం మనిషెత్తు నీలం అక్షరాల్లో ఉంది మరి.

శుద్ధ పంచమి

గాలి నైరుతి. మొక్కుతెప్పకి 75.

సాయంత్రం తాతారావు నినాదంలో మొదటి ముక్క తీసేసి జనాన్ని పిలిచాడు. మొన్నటిదాకా అరవై మంది వచ్చేవారు. ఇవాళ నలుగురు. అందులో ఒకరు మాణిక్యం. ఇంకొకాయన బెండకాయల కోసం వచ్చాడు.

"మిగతావాళ్ళేరిరా?" అన్నాను.

"ఒట్టి పడవదారి కోసమైతే రామంటున్నారక్కా. ఊపు రావట్లేదట."

"ప్రాస తెగ్గొడితే ఊపెక్కణ్ణుంచి వస్తుంది?" అంది మాణిక్యం, తనని ఎవరో కొట్టినట్టు. "ఆ కోర్టువాళ్ళకి పాట కట్టడం తెలీదు."

"అంటే వాళ్ళు వచ్చింది దారి కోసం కాదన్నమాట" అంది దమయంతి, పప్పు ఎనుపుతూ.

తాతారావు కంచం ముందుకు జరిపాడు. పప్పు బాగుంది.

శుద్ధ షష్ఠి

మొక్కుతెప్పకి 73. రెండుసార్లు కొలిచాను.

మిగతా మూడు దిక్కులా దూరాలు మారలేదు. అంటే మేం జరగలేదు. అదే మా వైపు వస్తోంది. భోజనాల దగ్గర చెప్పాను.

తాతారావు సంబరపడ్డాడు. "రానీ! దారి ఖాళీ అవుతుంది."

"గీత కూడా దాంతోపాటే వస్తుందేమోరా" అంది మాణిక్యం.

"గీత కోర్టుది, తెప్ప వాళ్ళది. గీత ఎక్కడికొస్తుందే?"

పసుపు బంతులు కూడా అయిదు బారలు జరిగాయని చెప్పాను. నవ్వాడు. నీ తాడు తడిసి సాగిందక్కా అన్నాడు. నలభై ఏళ్ళుగా కొలుస్తున్నాను. నా తాడు సాగలేదు.

శుద్ధ సప్తమి

మొక్కుతెప్పకి 71. గాలి పడిపోయింది.

గోంగూర పచ్చడి గిన్నె పట్టుకుని మొక్కుతెప్పకి వెళ్ళాను. ఉత్తర్వులో నా పేరు లేదు. నేను వెళ్ళేసరికి వాళ్ళ మౌనం వేళ. అంచున ఖాళీ చూసుకుని కూర్చున్నాను. ఊరికే ఉండటం ఎలాగని పొద్దున్నపూట ఒక్కత్తినే వెతుక్కుంటాను రోజూ. ముప్పై ఒక్క మంది మధ్య అది ఎంత తేలిగ్గా వచ్చిందో చెప్పలేను. నేనూ చేతులు నీళ్ళలో పెట్టానా లేదా అన్నది పుస్తకంలో రాయనక్కర్లేదు.

అరగంట కాగానే వాళ్ళ పెద్దావిడ జోగాయమ్మ నా వైపు తిరిగింది. డెబ్బై దాటి ఉంటాయి.

"రండమ్మా రండి! మీరు దీపం పెట్టడం రోజూ చూత్తన్నానండి. ఆయ్. పచ్చడా అండి? గోంగూరే? మా ఉప్పాడలో అయితేనండి..."

గంటసేపు ఆపలేదు. ఉప్పాడ మునిగిన రోజు పొయ్యి మీద ఏ కూర ఉందో, దాంట్లో ఉప్పు ఎందుకు ఎక్కువైందో దాకా చెప్పింది. నేను "మీరు మౌనులు కదూ" అన్నాను.

"రోజుకి గంటేనండీ బాబూ! ఆ గంటలో ఆపుకున్నదంతా మిగతా ఇరవై మూడు గంటల్లో బయటికి రావాలి కదండి మరి."

తెప్ప ఎందుకు జరుగుతోందని అడిగాను. ఒక్కటే లంగరట. కింద బురద, పట్టు లేదు. లంగరు ఈడ్చుకుంటూ వస్తోంది. గుంజ ఒకటి ఇవ్వమని వచ్చిన రోజే కమిటీని అడిగారు.

"గుంజ ఇత్తే ఇలా దారికడ్డంగా ఎందుకుంటామండి? మా పడవే తిరగట్లేదు. ఏ మూలకి పొమ్మంటే ఆ మూలకి పోతాం. కానీ ఊళ్ళోవాళ్ళు ఇవ్వొద్దని కాగితం పెట్టారంటండి."

ఆ కాగితం నేను చూశాను. మా బల్ల మీదే రాశారు. మొదటి సంతకం తాతారావుది. ఆవిడకి చెప్పలేదు. చెప్పక్కర్లేదనిపించింది. నా మొహం చూసి పచ్చడి బాగుందంది.

ఇంటికొచ్చి తాతారావుకి చెప్పాను. "గుంజ ఇవ్వంది కమిటీ" అన్నాడు. "ఇవ్వొద్దని అడిగింది నువ్వు" అన్నాను. అంతకంటే పెంచలేదు.

శుద్ధ అష్టమి

పోటూ పాటూ రెండూ మందం. మొక్కుతెప్పకి 70. తాతారావుకి ధైర్యం వచ్చింది. బచ్చలి మొదటి కోత.

శుద్ధ దశమి

పాటు పుంజుకుంటోంది. 66. కప్పు చెరపమన్నాను. ఇంకా పదకొండు బారలుందిగా అన్నాడు.

శుద్ధ ఏకాదశి

ఉపవాసం. 60.

శుద్ధ ద్వాదశి

గాలి తూర్పుకి తిరిగింది. మొక్కుతెప్పకి 54.

తెల్లారి దీపం దగ్గర ఉండగా వంటింట్లో దమయంతి కేక పెట్టింది. కిటికీ బయట, చేతికందేంత దూరంలో పసుపు బంతి తేలుతోంది. గుమ్మడికాయంత ఉంది. పైన చిన్న కన్ను. అది మా ఇంటిని కిందనుంచి పైకి నింపాదిగా చూసింది. కప్పు దగ్గరికి వచ్చేసరికి ఎర్రగా వెలిగింది.

ఒకటి.

తాతారావు లుంగీ ఎగ్గట్టి, సున్నం డబ్బా పట్టుకుని కప్పెక్కాడు. కింద నుంచి మాణిక్యం చేతులు పిసుక్కుంటూ చూసింది. "ముందు ముక్క ఒక్కటే చెరుపురా! వెనక ముక్కకి అనుమతి ఉంది!" అక్షరాలు పెద్దవి, సున్నం తక్కువ. ఎనిమిదయ్యేసరికి కప్పు మీద "పడవదారి మూయొద్దు" మాత్రం మిగిలింది. బంతి మళ్ళీ పైకీ కిందికీ చూసి మామూలు పసుపయింది.

"చూశావా అక్కా, ఉత్తర్వంటే నాకు గౌరవం లేదనుకుంటున్నారు అందరూ" అంటూ దిగి, చెమట తుడుచుకుని, కూరల పడవెక్కి మోటారు తిప్పాడు.

"వంకాయలో, బెండకాయలో, లేత పొట్లకాయలో! మూగ మొక్కు మాకొద్దు! పడవ..."

రెండు.

మోటారు ఆపాలని వాడు, కొమ్ముకి గుడ్డ కుక్కాలని మాణిక్యం, ఇద్దరూ ఒకేసారి దూకి నీళ్ళలో పడ్డారు. కొమ్ము మాత్రం తన పాట పూర్తి చేసే ఆపింది. దమయంతి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, చివరికి కళ్ళు తుడుచుకుంటూ అంది. "ఇంకొక్కటే ఉంది. అయిదో వరసలో కంటానా నేను?"

అప్పుడు వాడు కొమ్ము తీగ పీకి పారేశాడు. మోటారు ముట్టుకోలేదు. తెడ్డు వేసుకుంటూ, కూరల పేర్లు సొంత గొంతుతో అరుచుకుంటూ వెళ్ళాడు.

శుద్ధ త్రయోదశి

తూర్పు గాలి, జోరు. మొక్కుతెప్పకి 47. ఇల్లంతా గీత లోపలే.

తాతారావు కబురు పెడితే అమీనా ప్రసూన వచ్చింది. ఈసారి నిమ్మకాయ తనే తెచ్చుకుంది.

"అమ్మాయ్, తెప్ప కదిలితే గీత కదలడమేంటమ్మా? ఇదేం న్యాయం?" వాడి గొంతు అప్పటికే బొంగురు పోయింది.

"అలాగే రాశారండి. గీత చోటు చుట్టూ కాదు, మొక్కుకునేవాళ్ళ చుట్టూ. వాళ్ళెక్కడుంటే అక్కడే."

"అయితే నా ఇంట్లో నేను మాట్లాడకూడదా?"

"ఎవరన్నారండి? ఏం మాట్లాడాలనుకుంటున్నారో చెప్పండి. కూడుతుందో కూడదో ఇప్పుడే చెప్పేస్తాను."

తాతారావు నోరు తెరిచాడు. ఆలోచించాడు. మా అందరి వైపూ చూశాడు. కిటికీలో బంతి కూడా ఎదురుచూస్తోంది.

"పడవదారి..." అన్నాడు.

"అది చెప్పొచ్చు."

"ఇంకేం లేదు" అన్నాడు.

పిల్లకి మజ్జిగ ఇచ్చి పంపాను. తరవాత వాడు ఎవరికీ చెప్పకుండా కమిటీ దగ్గరికి వెళ్ళాడట. మొక్కుతెప్పకి గుంజ ఇచ్చెయ్యండి అని అడిగాడట. మీ కాగితం మా దగ్గరుంది, అది వెనక్కి తీసుకోవాలంటే సంతకాలు పెట్టిన నూట పన్నెండు మందీ రావాలి, లేదా వచ్చే అమావాస్య సమావేశం దాకా ఆగాలి అన్నారట. మాణిక్యానికి చెప్పాడు, మాణిక్యం నాకు చెప్పింది. నేను తెలియనట్టే ఉన్నాను.

శుద్ధ చతుర్దశి

తూర్పు గాలి. ఉదయం 41. మధ్యాహ్నం 39. రేపు పౌర్ణమి పోటు.

లెక్క చూశాను. పోటు జోరుకి ఆ లంగరు ఆగదు. మా వంటింటిని గుద్దుతుంది, లేదా మాకూ పక్క తెప్పకీ మధ్య సందులోంచి బయటి సముద్రంలోకి పోతుంది. మూడోది లేదు.

అయిదున్నరకి జోగాయమ్మ దోనెలో వచ్చింది. నా గోంగూర గిన్నె నిండా ఎండు రొయ్యలు తెచ్చింది. ఖాళీ గిన్నె ఎలా ఇత్తానండి అంది. తాతారావు మెట్ల మీద కూర్చుని తెడ్డు తుడుస్తున్నాడు. రెండు రోజులు కూరల పేర్లు అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప మాట రావట్లేదు. మూగ మొక్కు వద్దన్నవాడు. మేం ఎవరం ఆ మాట పైకి అనలేదు. మాణిక్యం అనబోయి ఆపుకుంది, పుణ్యం.

ఆవిడకి వాడెవరో తెలుసు. వాడి దగ్గరే కూర్చుంది.

"అబ్బాయ్, రేపు పోటుకి మా తెప్ప మీ మీదకొచ్చేలా ఉంది నాయనా. వట్టి మనిషి కాదు కదా మీ ఆవిడ. అందుకని మేమంతా ఒక మాట అనుకున్నాం. తెల్లారకుండానే లంగరెత్తేసి బయటికి పోతాం. మీకు దారీ ఖాళీ అవుద్ది."

తాతారావు పెదాలు కదిపాడు. ఆవిడ చెవి దగ్గర పెట్టింది.

"బయటికంటే ఎక్కడికా? ఎక్కడికో అక్కడికి నాయనా. ఉప్పాడ నుంచి రాలేదా ఏంటి. ఆయ్, ఓసారి ఏమైందంటే, మా..."

ఆ వాక్యం అక్కడే ఆగిపోయింది. పొద్దు వాలింది. వాళ్ళ వేళ. ఇంటికి వెళ్ళే టైము లేక ఆవిడ మా మెట్ల మీదే వంగి అరచేతులు నీళ్ళలో పెట్టింది. అటు తెప్ప మీద ముప్పై మంది, ఇటు మా మెట్టు మీద ఒకావిడ.

నాలుగో వరస వాళ్ళు కూరల కోసం గట్టిగా పిలుస్తున్నారు. తాతారావు తెడ్డు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. నీళ్ళు కదలకూడదని కాబోలు. బంతి వచ్చి వాణ్ణి చూసింది. చాలాసేపు చూసింది. పసుపుగానే ఉండి వెళ్ళిపోయింది.

అరగంట తరవాత ఆవిడ, "మా మరిదికి పెళ్ళయిందండి!" అని వాక్యం పూర్తి చేసి, దోనె ఎక్కి వెళ్ళింది.

సాయంత్రం ఇంట్లో అనుకున్నవి ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

తాతారావు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. వెనక్కి, నాన్న గుంజ వైపు వేలు చూపించాడు.

"నీ రెండో పడవో?" అంది దమయంతి.

చెయ్యి ఊపేశాడు.

"అక్కడ కడితే వంటింటికి ఎనిమిది బారలు. గీత లోపలే ఉంటావు, కోర్టు తీసేదాకా" అన్నాను.

తల ఊపాడు.

"దారి మాత్రం పూర్తిగా ఖాళీ" అంది మాణిక్యం. "నినాదం గెలిచినట్టే కదా, వెనక ముక్క."

పుస్తకం తెరిచాను. కమిటీ అనుమతి లేకుండా గుంజ ఎరువివ్వాలంటే చుట్టరికం గడి నిండాలి. తెప్ప పుస్తకంలో నేను అబద్ధం రాయను. ఆ మాట వాళ్ళకి తెలుసు. అయినా చెప్పాను. "చుట్టాలు కానివాళ్ళని చుట్టాలని రాయలేను. ఎవరికి ఏమవుతుందో ఎవరో ఒకరు మనసా చెప్పాలి."

నీటిమర ఆగి ఉంది. అందుకే వినబడింది. లేకపోతే వినబడేది కాదు.

"పిన్ని" అన్నాడు తాతారావు.

"ఏమిటీ?" అంది మాణిక్యం.

"నాకు. పిన్ని. అబ్బాయ్ అంది కదా. వాళ్ళు లంగరెత్తకముందే వెళ్ళి పిలుస్తా. గొంతొస్తే."

"రాకపోయినా పర్లేదు. వాళ్ళకి అలవాటే" అంది దమయంతి.

నిర్ణయం: మొక్కుతెప్పకి నాన్న పడవ గుంజ ఎరువు. గడువు: వాళ్ళు ఉండాలనుకున్నన్నాళ్ళు. చుట్టరికం: తాతారావుకి పిన్ని. వేలిముద్రలు నాలుగు. తెల్లవారకముందే, వాళ్ళు లంగరెత్తేలోపే తాడు తాతారావు తీసుకెళ్తాడు, ముడి నేను వేస్తాను. పొద్దున్న అరగంట, సాయంత్రం అరగంట కూరల పడవ మోటారు తిరగదు. కొమ్ము పాట మాణిక్యం కొత్తగా కడుతుంది. కట్టాక ముందు నాకు వినిపిస్తుంది.

రేపటి నుంచి దీపం ముందు ముప్పై అయిదు పేర్లు, పెట్టని పేరు ఒకటి. ముప్పై మంది పేర్లు ఇంకా నాకు తెలియవు. జోగాయమ్మని అడిగితే సరి, రెండు గంటలు పడుతుంది. ప్రమిదలో నూనె కాస్త ఎక్కువ పోసి ఉంచాను.